హ్యాండిల్ మీద గడియారం: కుదుపుకు, ఎండకు, వానకు నిలిచేదేది?

షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో పొద్దు పొడవకముందే రోడ్డెక్కే మోటారు సైకిళ్లు చాలా ఉంటాయి. బంతి, చామంతి, గులాబీ మూటలు వెనక కట్టుకొని హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పోయేవి కొన్ని. పాల క్యాన్లు చెరో పక్క వేలాడేసుకొని పోయేవి కొన్ని. చందన్‌వెల్లి కంపెనీల్లో మొదటి షిఫ్టు అందుకోవాల్సినవాళ్లవి ఇంకొన్ని. వీళ్లందరికీ దారిలో ఒకటే ప్రశ్న: ఇప్పుడు టైమెంత? మార్కెట్‌కు అరగంట ఆలస్యమైతే పూల ధర పడిపోతుంది, షిఫ్టుకు పది నిమిషాలు ఆలస్యమైతే ఆ పూట జీతం పోతుంది. ఫోను జేబులో ఉంటుంది, చేతి గడియారం చలికోటు చేతి కింద ఉంటుంది, రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉంటాయి. కళ్లెదుట, మీటరు పక్కన ఒక చిన్న గడియారం ఉంటే చాలు.

కొత్త బండ్లలో చాలావాటికి డిజిటల్ మీటరులోనే గడియారం వస్తోంది. పాత బండ్లకు మాత్రం బయట కొని పెట్టుకోవాల్సిందే. ఆటో సామాన్ల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో వంద రూపాయల వస్తువు నుంచి వేలు పలికే వస్తువు దాకా దొరుకుతాయి. వంద రూపాయల గడియారాలు నాలుగు నెలలు తిరగకుండానే ఆగిపోవడం అందరికీ అనుభవమే. అయితే ధర పెంచినంత మాత్రాన మన్నిక పెరుగుతుందన్న హామీ లేదు. ఎందుకు ఆగుతాయో తెలిస్తే ఏది కొనాలో తెలుస్తుంది. ఆ కారణాల్లోకి వెళ్తే భౌతికశాస్త్రం పాఠాలు చాలా ఎదురవుతాయి.

ముందు నమ్మకమంటే ఏమిటో తేల్చుకోవాలి. ఎప్పుడూ తప్పు చూపని గడియారం భూమ్మీద లేదు. 1761 నవంబరులో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నుంచి జమైకాకు బయల్దేరిన ఓడలో జాన్ హారిసన్ చేసిన నాలుగో గడియారాన్ని ఆయన కొడుకు విలియం తీసుకెళ్లాడు. సముద్రం మీద రేఖాంశం కనుక్కోవడానికి పెట్టిన పరీక్ష అది. ఆ గడియారం రోజుకు రెండున్నర సెకన్లకు పైగా వెనకబడేది. ఆ సంగతి బయల్దేరకముందే కొలిచి రాసుకున్నారు. 81 రోజుల తర్వాత, తెలిసిన ఆ తేడాను లెక్కలోంచి తీసేస్తే మిగిలిన తప్పు 5 సెకన్లు. రోజూ ఒకే లెక్కన వెనకబడే గడియారాన్ని నమ్మవచ్చు. నిన్న సరిగ్గా ఉండి, ఇవాళ నాలుగు నిమిషాలు తప్పి, రేపు మళ్లీ సరిగ్గా నడిచేదాన్ని నమ్మలేం. హ్యాండిల్ గడియారాన్ని కూడా ఈ కొలతతోనే చూడాలి. తేడా ఎంతన్నది రెండో ప్రశ్న, ఆ తేడా స్థిరంగా ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న.

స్ప్రింగు చుట్టి నడిపే పాతకాలపు గడియారాలను కూడా కొందరు బండ్లకు బిగించుకుంటారు. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే గడియారాలు ఒకప్పుడు కార్లలోనూ, మోటారు సైకిళ్ల మీదా ఉండేవి. చూడ్డానికి బాగుంటాయి, అంతే. వాటిలో కాలాన్ని కొలిచేది అటూ ఇటూ ఊగే ఒక చిన్న చక్రం. అది సెకనుకు రెండున్నర నుంచి నాలుగు సార్లు ఊగుతుంది. దాని ఇరుసు కొనలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ ఊపు పెరుగుతుంది లేదా తగ్గుతుంది, ఇరుసు అరుగుతుంది, ఎండకు నూనె పలచబడి జారిపోతుంది. ఇంట్లో బాగా నడిచే మెకానికల్ గడియారానికే రోజుకు పది ఇరవై సెకన్ల తేడా మామూలు. బండి మీద ఆ తేడా రోజుకో తీరుగా ఉంటుంది కాబట్టి హారిసన్ పరీక్షలో నిలవదు. ఇక క్వార్ట్జ్ అనే స్ఫటికంతో నడిచే గడియారాల సంగతే చూద్దాం.

స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో పియరీ, జాక్ క్యూరీ సోదరులు కనుగొన్నారు. విద్యుత్తు ఇస్తే స్ఫటికం కదులుతుందని ఆ మరుసటి సంవత్సరం తేలింది. 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో వారెన్ మారిసన్, హార్టన్ కలిసి మొదటి క్వార్ట్జ్ గడియారం చేశారు. అది గదిలో ఓ మూలను ఆక్రమించేంత పెద్ద యంత్రం. మణికట్టు మీదికి రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 1969 డిసెంబరు 25న జపాన్ కంపెనీ సీకో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. అదే సీకో సాంకేతిక సహకారంతో 1980లలో మన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ చేతి గడియారాలు తయారు చేసింది. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో పెళ్లికి పెట్టిన ఆల్విన్ గడియారం ఇప్పటికీ బీరువాలో ఉంటుంది.

ఇప్పటి గడియారాల్లో ఉండే స్ఫటికం బియ్యపు గింజంత ఉంటుంది. బడిలో భౌతికశాస్త్రం మాస్టారు మోగించి చూపే శ్రుతి దండం ఆకారంలోనే, రెండు కొమ్ములతో కోస్తారు. గాలి తీసేసిన చిన్న లోహపు గొట్టంలో పెట్టి మూసేస్తారు. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్యను వరుసగా 15 సార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి వస్తుంది. చిప్పులో ఉండే 15 మెట్ల సర్క్యూటు చేసే పని అదే. మెట్టు మెట్టుకూ సగం చేసి చివర సెకనుకు ఒక్క తట్టు ఇస్తుంది. ఆ తట్టు ముల్లును కదుపుతుంది, లేదా అంకెను మారుస్తుంది.

బండి కుదుపు ఈ స్ఫటికాన్ని చెదరగొడుతుందేమోనని చాలామందికి అనుమానం. చెదరగొట్టలేదు. ఇంజను నిమిషానికి 5,000 సార్లు తిరుగుతుంటే హ్యాండిల్‌కు అందే ప్రధాన కంపనం సెకనుకు 83 సార్లు ఉంటుంది. రోడ్డు గుంతలవి అంతకన్నా చాలా తక్కువ. 83కూ 32,768కీ మధ్య ఉన్న దూరం వల్ల ఒకటి ఇంకొకదాని జోలికి రాదు. పైగా కొమ్ములు రెండూ ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురుగా కదులుతాయి. ఒకటి కుడికి వెళ్తే ఇంకొకటి ఎడమకు వెళ్తుంది. గొట్టం మొత్తాన్ని ఊపినప్పుడు రెండూ ఒకే పక్కకు ఊగుతాయి, ఆ కదలిక లెక్కలోకి రాదు. గట్టి నేల మీద పడేస్తే స్ఫటికం విరగొచ్చు గానీ, మన రోడ్ల కుదుపుకు లొంగదు.

స్ఫటికాన్ని కదిలించేది ఎండ. శ్రుతి దండం ఆకారపు క్వార్ట్జ్‌ను సాధారణంగా 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర సరిగ్గా నడిచేలా కోస్తారు. అంతకన్నా వేడెక్కినా, చల్లబడినా వేగం తగ్గుతుంది. తగ్గే తీరు కూడా విచిత్రంగా ఉంటుంది. ఉష్ణోగ్రత తేడాను దానితోనే గుణించి, వచ్చినదాన్ని సుమారు 0.034తో గుణిస్తే, పది లక్షల్లో ఎన్ని వంతులు వెనకబడుతుందో తెలుస్తుంది. పది లక్షల్లో ఒక వంతు అంటే రోజుకు సెకనులో పన్నెండో వంతు కన్నా కొంచెం ఎక్కువ. 35 డిగ్రీల దగ్గర తేడా 10 డిగ్రీలు. లెక్క వేస్తే రోజుకు 0.3 సెకను, పట్టించుకోనక్కర్లేదు. 60 డిగ్రీల దగ్గర తేడా 35 డిగ్రీలు, వెనకబాటు రోజుకు 3.6 సెకన్లు. వేడి తేడా మూడున్నర రెట్లయితే తప్పు పన్నెండు రెట్లయింది.

మే నెలలో ఈ ప్రాంతంలో గాలి ఉష్ణోగ్రత 40 దాటుతుంది. ఎండలో నిలబెట్టిన బండి మీద నల్ల ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న గడియారం గాలి కన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం మామూలే. కంపెనీ గేటు బయట నీడ లేని చోట రోజుకు ఆరు గంటలు 60 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. ఆ ఆరు గంటల్లో 0.9 సెకను వెనకబడుతుంది. నెలకు 27 సెకన్లు. జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీల చలిలో కూడా వెనకబడుతుంది, కానీ రోజంతా అదే చలి ఉన్నా 0.7 సెకను మించదు. వీటికి ఫ్యాక్టరీలోనే వచ్చే తేడాను కలపాలి. మామూలు స్ఫటికానికి పది లక్షల్లో 20 వంతులు అటో ఇటో ఉండొచ్చు. అంటే నెలకు 52 సెకన్ల వరకు. అన్నీ ఒకే దిక్కున కలిసొచ్చినా మే నెల మొత్తానికి నిమిషంన్నర దాటదు. పూల మార్కెట్‌కు పోయేవాళ్లకు అది చాలినంత ఖచ్చితం. వంద రూపాయల గడియారంలోనూ ఉండేది ఇలాంటి స్ఫటికమే కాబట్టి, టైము కొలవడంలో అది నిజానికి ఏమీ తీసిపోదు.

చేతి గడియారం హ్యాండిల్ గడియారం కన్నా బాగా నడుస్తుందని చెప్పుకోవడానికి కారణం కూడా ఇదే. మణికట్టు మీద ఉన్నంతసేపూ మన ఒంటి వెచ్చదనం, బయటి గాలి కలిసి దాన్ని ముప్పై డిగ్రీల అటూ ఇటూ నిలబెడతాయి. దాన్నే విప్పి బండికి కడితే ఆ కాపలా పోతుంది.

ఇక్కడ షాబాద్ మండలం గురించి ఒక విశేషం చెప్పాలి. చందన్‌వెల్లిలో అమెజాన్ వెబ్ సర్వీసెస్ డేటా సెంటరు ఉంది. ఆ సంస్థ హైదరాబాద్ కేంద్రాలు 2022 నవంబరులో సేవలు మొదలుపెట్టాయి. సాధారణంగా కంప్యూటరు బోర్డు మీద, కరెంటు లేనప్పుడు కూడా తేదీ, టైము గుర్తుంచుకోవడానికి ఒక చిన్న సర్క్యూటు ఉంటుంది. దాన్ని నడిపేది అదే 32,768 కంపనాల స్ఫటికం. దానికి శక్తినిచ్చేది నాణెం ఆకారపు సీఆర్ 2032 లిథియం సెల్లు. హ్యాండిల్ గడియారంలో ఉండేవీ ఇవే. అయితే సర్వర్లు పెట్టే గదుల్లో గాలిని 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచాలన్నది ఈ రంగంలో అంతా పాటించే సూచన. ఆపైన నెట్‌వర్క్ ద్వారా అణు గడియారాల సమయంతో తప్పును ఎప్పటికప్పుడు దిద్దుతూ ఉంటారు. గోడకు అటువైపు ఏసీ గదిలో ఒక స్ఫటికం, ఇటువైపు గేటు బయట ఎండలో నిలబడ్డ బండి మీద దాని సాటిది. రెండోదానికి దిద్దేవాళ్లు లేరు. అయినా నెలకు నిమిషంన్నర లోపే తప్పుతుందంటే స్ఫటికం పట్ల గౌరవం పెరుగుతుంది.

వేడిని స్వయంగా కొలుచుకొని తప్పును సరిదిద్దుకునే చిప్పులూ ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్న పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పిల్లలకు బాగా తెలిసిన డీఎస్ 3231 అలాంటిదే. 0 నుంచి 40 డిగ్రీల మధ్య పది లక్షల్లో 2 వంతులకు మించి తప్పదని, మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా మూడున్నర వంతులు దాటదని దాని తయారీదారు చెప్పే లెక్క. ఏడాదికి రెండు నిమిషాలలోపు తేడా అన్నమాట. సొంతంగా గడియారం చేసుకోవాలనే ఉత్సాహం ఉన్నవాళ్లు దీనితో మొదలుపెట్టవచ్చు.

స్ఫటికం ఇంత గట్టిదైతే బండి మీది గడియారాలు ఎందుకు ఆగిపోతున్నాయి? చాలావరకు సెల్లు దగ్గర. కుదుపు చేసే నష్టం ఇక్కడ జరుగుతుంది. ఇంజను నిమిషానికి 5,000 సార్లు తిరుగుతుండగా హ్యాండిల్ అటూ ఇటూ కేవలం 0.2 మిల్లీమీటరు కదులుతోందనుకుందాం. కంటికి ఆనదు, అరచేతికి మాత్రం తిమ్మిరిగా తెలుస్తుంది. ఆ కదలికలో త్వరణం లెక్కిస్తే సెకనుకు సెకనుకు దాదాపు 55 మీటర్లు. భూమ్యాకర్షణకు ఐదున్నర రెట్లు! సెకనుకు 83 సార్లు ఆ బలం సెల్లును అటూ ఇటూ తోస్తుంది.

సీఆర్ 2032 సెల్లు బరువు సుమారు 3 గ్రాములు. దాన్ని ఒక సన్నని రేకు స్ప్రింగు అదిమి పట్టుకుంటుంది. ఆ స్ప్రింగు వంద గ్రాముల బలంతో అదిమితే, సెల్లు లేవాలంటే భూమ్యాకర్షణకు ముప్పై రెట్లకు పైగా త్వరణం కావాలి. హ్యాండిల్ మీద అంత రాదు. కానీ చవక గడియారంలో రేకు పలచన. ఎండకు ప్లాస్టిక్ మెత్తబడి, రేకు వంగిపోయి, అదిమే బలం ఇరవై గ్రాములకు పడిపోతే ఏడు రెట్ల త్వరణం చాలు. గతుకుల రోడ్డు మీద ఆ హద్దు దాటడం ఎంతసేపు? సెల్లు క్షణకాలం లేస్తుంది, కరెంటు తెగుతుంది, డిజిటల్ గడియారమైతే మళ్లీ 12:00 నుంచి మొదలవుతుంది. లేవకపోయినా సెల్లుకూ రేకుకూ మధ్య సన్నటి రాపిడి ఆగదు. ఆ రాపిడికి లోహం పొడిగా రాలి, గాలి తగిలి తుప్పుపొరగా పేరుకుంటుంది. కొన్నాళ్లకు సెల్లు కొత్తదైనా కరెంటు సరిగా అందదు. "సెల్లు మార్చినా నడవట్లేదు" అని దుకాణంలో వినపడే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

మంచి గడియారం చేసేవాళ్లు దీనికి రెండు పనులు చేస్తారు. సెల్లును రెండు మూడు చోట్ల గట్టిగా పట్టే క్లిప్పు పెడతారు. పక్కన ఒక చిన్న కెపాసిటర్ పెడతారు. డిజిటల్ గడియారం వాడే కరెంటు ఆంపియరులో పది లక్షల్లో ఐదు వంతులే అయితే, ఒక్క మైక్రోఫారడ్ కెపాసిటర్ దాన్ని సెకనులో పదో వంతు సేపు నిలబెడుతుంది. సెల్లు ఎగిరి పడటానికి అంత సమయం పట్టదు. ఆ కెపాసిటర్ ధర ఒకటి రెండు రూపాయలు. అది మిగుల్చుకోవడానికి మనిషి నమ్మకాన్ని పోగొట్టే వస్తువును అమ్మడం నాకు బాధ కలిగిస్తుంది.

దుకాణంలోనే దీన్ని పరీక్షించవచ్చు. డిజిటల్ గడియారాన్ని చేతిలో పట్టుకొని, వెనక సెల్లు మూత ఉన్న చోట వేలితో పదిపదిహేను సార్లు గట్టిగా తట్టండి, అరచేతికి కొట్టండి. అంకెలు మిణుకుమన్నా, టైము మొదటికి వచ్చినా పక్కన పెట్టేయండి.

సెల్లు రకం కూడా చూడాలి. చవకవాటిలో వచ్చే ఎల్‌ఆర్ 44 ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు ఇస్తుంది. వేడికి దానిలోని పొటాషియం హైడ్రాక్సైడ్ కారి రేకును తినేస్తుంది. అదే సైజులో వచ్చే సిల్వర్ ఆక్సైడ్ సెల్లు 1.55 వోల్టులతో చివరిదాకా నిలకడగా ఉంటుంది, కారడం తక్కువ. లిథియం సీఆర్ 2032 ఇంకా మేలు. 3 వోల్టులు, సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటలు. ముందు చెప్పిన కరెంటుతో లెక్కిస్తే అయిదేళ్లు వస్తుంది. వేడిలో అన్నేళ్లు రాకపోయినా రెండు మూడేళ్లకు ఢోకా లేదు.

బండి బ్యాటరీ నుంచి వైరు లాగే గడియారాలు ఇంకో తరహా. సెల్లు గొడవ ఉండదు, రాత్రి వెలుగుతుంది. కానీ బండి 12 వోల్టులన్నది పేరుకే. ఛార్జింగు సమయంలో 14 దాటుతుంది, సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది, మధ్యలో సూదిలాంటి ఎగుడుదిగుడులు వస్తాయి. వాటిని తట్టుకునే రెగ్యులేటరు లేని గడియారం సెల్ఫ్ కొట్టినప్పుడల్లా మొదటికి వస్తుంది. ఇంకో ఇబ్బంది, తాళం తీసేసినా అది కరెంటు తాగుతూనే ఉంటుంది. 100 సీసీ బండ్లలో చాలావాటికి ఉండేది 3 ఆంపియర్ గంటల చిన్న బ్యాటరీ. గడియారం 5 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే 25 రోజుల్లో బ్యాటరీ ఖాళీ. పనికోసం ఊరు వదిలి నెల తర్వాత వచ్చినవాళ్లు కిక్ కొట్టి కొట్టి అలసిపోతారు. రోజూ బండి తీసేవాళ్లకైతే ఫర్వాలేదు. నా వరకు సొంత సెల్లు ఉన్న గడియారమే మేలు.

ఇప్పుడు వాన. కుండపోత వాన కన్నా, ఎండ కాసిన మధ్యాహ్నం హఠాత్తుగా పడే జల్లు గడియారానికి ఎక్కువ ప్రమాదం. 55 డిగ్రీల దగ్గర ఉన్న గడియారం మీద చల్లటి నీళ్లు పడి 25 డిగ్రీలకు దిగితే లోపలి గాలి పీడనం దాదాపు 9 శాతం తగ్గుతుంది. వేడి గిన్నె చల్లారాక మూత గట్టిగా పట్టేసుకున్నట్టు, లోపలి గాలి బయటిదాన్ని పీలుస్తుంది. ఆ సమయంలో గడియారం అంచు చుట్టూ నీళ్లే ఉంటాయి కాబట్టి, రబ్బరు వాషరులో ఎక్కడ సందు ఉన్నా అక్కడినుంచి నీళ్లే లోపలికి వెళ్తాయి. మర్నాడు ఎండకు అవి ఆవిరై అద్దం లోపల మంచులా పడతాయి. బయటికి పోయే దారి ఉండదు.

డబ్బా మీద ఐపీ 67 అని రాసి ఉంటే, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి పోవని అర్థం. అంటే గట్టి జెట్‌తో కొట్టినా పోవని కాదు. నీళ్ల ధారకు వేరే పరీక్ష, వేరే అంకె ఉంటుంది. నిలకడ నీళ్లను ఆపే రబ్బరు, ప్రెషరు జెట్టు సూటిగా తగిలితే లేచిపోవచ్చు. వాటర్ సర్వీసింగుకు ఇచ్చినప్పుడు గడియారానికి ఒక పాలిథిన్ సంచి చుట్టమని చెప్పడం మంచిది. ఇంట్లో చేసుకునే పరీక్ష తేలిక. చేయి పెట్టగలిగినంత గోరువెచ్చటి నీళ్లలో గడియారాన్ని పది నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేయాలి. బుడగలు వచ్చినా, తర్వాత అద్దం లోపల చెమ్మ కనబడినా తిరిగి ఇచ్చేయాలి. నీళ్లు ఆపుతుందని రాసి ఉన్నవాటికే ఈ పరీక్ష.

ముళ్ల గడియారమా, అంకెల గడియారమా? ఇది ఇష్టాయిష్టాల విషయంలా కనబడుతుంది గానీ దీనికీ లెక్క ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ రెండు సెకన్లు చూపు దించితే బండి 28 మీటర్లు ముందుకు పోతుంది. చేవెళ్ల, మొయినాబాద్ మధ్య మర్రిచెట్ల కింద నీడ, ఎండ, నీడ, ఎండ మారుతూ వచ్చే దారిలో కన్ను సర్దుకోవడానికే సమయం పడుతుంది. ముళ్ల గడియారంలో అంకె చదవనక్కర్లేదు. రెండు ముళ్ల మధ్య కోణం చూస్తే చాలు, ఆరు దాటింది, పావు అయిందని మనసుకు తెలిసిపోతుంది. అందుకని నా మొగ్గు ముళ్ల వైపే.

అంకెల తెరకు ఎండతో ఇంకో పేచీ ఉంది. ఆ తెరలో ఉండేది ద్రవ స్ఫటికం. ఒక హద్దు దాటి వేడెక్కితే దానిలోని అణువుల వరుస చెదిరిపోయి మామూలు ద్రవమైపోతుంది. తెరంతా నల్లబడుతుంది. చల్లబడ్డాక మళ్లీ మామూలవుతుంది. చవక తెరలు 50 డిగ్రీల దాకా, మెరుగైనవి 70 దాకా పనిచేసేలా చేస్తారు. అంటే మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగి బండి దగ్గరకు వచ్చేసరికి చవక గడియారం నల్లటి గాజు ముక్కలా ఉండొచ్చు. పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు కొన్ని తెరలు అసలు కనబడవు. ఆ కళ్లద్దాలతోనే దుకాణానికి వెళ్లి చూసుకోవాలి.

ముళ్లవాటికి లోపాలు లేవనను. ముళ్లను ఇరుసుకు గుచ్చి ఉంచుతారు, స్క్రూ ఉండదు. పొడవాటి, బరువైన నిమిషాల ముల్లు కుదుపుకు కొంచెం కొంచెంగా జారవచ్చు. సెకన్ల ముల్లు ఎంత పొడుగైతే అంత తంటా. ముళ్లను తిప్పే చిన్న మోటారు తీరును ఫ్రాన్సు ఇంజనీరు మారియస్ లావే 1936లో రూపొందించాడు. సెకనుకు ఒక తట్టు ఇస్తే అందులోని చిన్న అయస్కాంతం అర చుట్టు తిరుగుతుంది. పెద్ద కుదుపుకు అది ఒక అడుగు తప్పవచ్చు. పక్కన బలమైన అయస్కాంతం ఉంటే ఆగిపోవచ్చు కూడా. ట్యాంకు మీద అయస్కాంతంతో అతికే సంచి, అయస్కాంతపు ఫోను హోల్డరు వాడేవాళ్లు గడియారాన్ని కొంచెం దూరంగా పెట్టాలి. చిన్న డయలు, పొట్టి తేలికపాటి ముళ్లు, సెకన్ల ముల్లు లేకపోవడం: దుకాణంలో చూడాల్సింది ఇదే. రాత్రి మెరిసే ముళ్లకు ఇప్పుడు వాడేది ఎక్కువగా స్ట్రాన్షియం అల్యూమినేట్. సాయంత్రం ఎండ తాగి కొన్ని గంటలు బాగా వెలుగుతుంది. తెల్లవారుజాము నాలుగింటికి వెలుగు సన్నగిల్లుతుంది, మీటరు దీపం కాంతి పడే చోట గడియారం ఉంటే ఆ లోటు తీరుతుంది.

ఫోనునే హ్యాండిల్‌కు బిగించుకోవచ్చు కదా అంటారు. నెట్‌వర్క్ నుంచి టైము తీసుకుంటుంది, తప్పు ఉండదు, నిజమే. కానీ ఎక్కువ శక్తి గల మోటారు సైకిల్ ఇంజన్ల కంపనానికి కెమెరా దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థే 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. కెమెరాలో బొమ్మ కదలకుండా నిలబెట్టే సన్నని యంత్రాంగం ఆ అదురుకు పాడవుతుంది. ఐఫోన్ వాడటానికి ఆ సంస్థ సూచించే గాలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపు. మన వేసవిలో పొద్దున పది దాటితే ఆ హద్దు దాటిపోతుంది.

ఎక్కడ బిగించాలన్నది ఏది కొనాలన్నంత ముఖ్యం. హ్యాండిల్ గొట్టం మధ్యలో బిగించి ఉంటుంది, కొనలు గాల్లో ఉంటాయి. కంపనం కొనల దగ్గర ఎక్కువ, మధ్య క్లాంపు దగ్గర తక్కువ. కొన్ని బండ్లకు హ్యాండిల్ కొనల్లో బరువు దిమ్మలు పెట్టేది ఆ అదురును తగ్గించడానికే. కాబట్టి గడియారం మధ్య క్లాంపుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. పొడవాటి కాడ మీద నిలబెట్టే హోల్డరు వద్దు, కాడ కూడా ఊగి అదురును పెంచుతుంది. మన మామూలు బండ్ల హ్యాండిల్ గొట్టం 22 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, కొన్ని పెద్ద బండ్లవి మధ్యలో ఇంకా లావు. క్లాంపు సైజు చూసుకొని, గొట్టానికీ క్లాంపుకూ మధ్య పాత ట్యూబు ముక్క ఒక చుట్టు వేస్తే పట్టు వస్తుంది, సన్నటి అదురూ తగ్గుతుంది. క్లాంపు కింద నాలుగైదు చుట్లు వేస్తే మాత్రం గడియారం వదులై ఊగులాడుతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే, చాలామందికి నేను చెప్పే సలహా దుకాణంలో హ్యాండిల్ గడియారమని అమ్మేది కాదు. 50 లేదా 100 మీటర్ల నీటి పీడనాన్ని తట్టుకునేలా చేసిన చిన్న క్వార్ట్జ్ చేతి గడియారం, లేత రంగు డయలు, రబ్బరు పట్టీ. హ్యాండిల్ మీద రబ్బరు మందంగా చుట్టి మణికట్టంత చేసి దానికి కట్టడం. చేతి గడియారంలో సెల్లు పట్టుకునే క్లిప్పు గట్టిది, వెనక మూతకు మంచి రబ్బరు రింగు ఉంటుంది, మనిషి చేయి ఊపులకు తట్టుకునేలా ముళ్లు తేలిగ్గా ఉంటాయి. బండి దిగినప్పుడు విప్పి జేబులో వేసుకుంటే మధ్యాహ్నపు ఎండ తగలదు, దొంగ భయమూ ఉండదు.

కొన్నాక గడియారం ఎంత తప్పుతోందో రాసుకోవాలి. ఫోనులో సెకన్లు కనబడేలా పెట్టి, వారానికోసారి ఒకే రోజు తేడా చూసి గోడ క్యాలెండరు మీద రాయండి. నీడను బట్టి, సూర్యుణ్ణి బట్టి చూడొద్దు. 1906 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత ప్రామాణిక సమయం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. షాబాద్ 78 డిగ్రీలకు కొంచెం తూర్పున ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇక్కడి సూర్యుడు గడియారం కన్నా సగటున పదిహేడు నిమిషాలకు పైగా వెనక ఉంటాడు.

ఆ రాసుకున్న అంకెలే జబ్బు ఎక్కడుందో చెబుతాయి. వారానికి ఏడెనిమిది సెకన్లు ఎప్పుడూ ఒకే పక్కకు పోతుంటే అది స్ఫటికం సహజ గుణం, నెలకోసారి దిద్దుకుంటే చాలు. మే నెలలో వెనకబాటు పెరిగి జులైలో తగ్గితే అది ఎండ, బండిని నీడలో పెట్టండి. ఒక వారం సరిగ్గా ఉండి మరో వారం అయిదు నిమిషాలు ఎగిరిపోతే సెల్లు రేకును విప్పి, పిల్లల పెన్సిలు రబ్బరుతో తుప్పుపొర తుడిచి, రేకును కొంచెం పైకి వంచి బిగించండి. ముళ్లు రెండూ పొంతన తప్పితే, అంటే నిమిషాల ముల్లు పన్నెండు మీద ఉన్నప్పుడు గంటల ముల్లు అంకె మీద లేకపోతే, ముల్లు జారింది. గడియారాల షాపులో నొక్కి పెట్టిస్తారు. ఇవేవీ కాకుండా రోజుకు నాలుగైదు సెకన్లు స్థిరంగా తప్పుతూ ఉంటే స్ఫటికమే లోపం. అప్పుడు లోపలి మెషీను మొత్తం మార్పించుకోవడం బాగు చేయించుకోవడం కన్నా చవక.